నైట్ హాల్ట్ బస్సు లేని రోజులు

2019 దీపావళి మర్నాడు పొద్దున ఆదిలాబాద్ ప్రయాణ ప్రాంగణంలో మేకలు పడుకుని ఉన్నాయి. ఉట్నూరు, మంచిర్యాల, నిర్మల్, ఆసిఫాబాద్ అని రాసిన బోర్డుల కింద సంచులు పట్టుకున్న జనం. బస్సులు రావని వాళ్లకు తెలుసు. తెలిసీ అక్కడికే వచ్చారు. జనం ఎక్కడుంటే జీపులు అక్కడికే వస్తాయి కాబట్టి, జీపు కోసమైనా నిలబడాల్సింది బస్టాండులోనే.

ఆర్టీసీ సమ్మె మొదలై అప్పటికి మూడు వారాలు దాటింది. అక్టోబరు 5న, సద్దుల బతుకమ్మకు ఒకరోజు ముందు, దాదాపు 48 వేల మంది కార్మికులు విధులు మానేశారు. సంస్థను ప్రభుత్వంలో కలపాలన్నది పెద్ద డిమాండు. వేతన సవరణ, ఖాళీల భర్తీ, ఉద్యోగ భద్రత దాని వెంట ఉన్నాయి. అన్నీ కలిపి 26. ఆ సాయంత్రం ఆరింటిలోగా డ్యూటీలో చేరనివాళ్లు తమను తామే డిస్మిస్ చేసుకున్నట్టు అని ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రకటించారు. పండగ సెలవులు ముగిసినా బడులు తెరవలేకపోయారు. ఆ సెలవులను అక్టోబరు 19 దాకా పొడిగించారు. రెండు రోజుల కిందట ఎర్రమంజిల్‌లో జరిగిన చర్చలు తెగలేదు.

నేను కరీంనగర్‌లో అక్క ఇంటికి చేరాలి. మేనల్లుడి సెలవు ముగిసింది. నెలాఖరు రాత్రి శంషాబాద్ నుంచి దుబాయ్ విమానం ఎక్కాలి. రైలు మాట అడిగేవాళ్లుంటారు. ఆదిలాబాద్‌కు రైలుంది, కానీ అది కిన్వట్ మీదుగా మహారాష్ట్రలోని ముద్ఖేడ్‌కు పోయి, తిరిగి నిజామాబాద్ వైపు దిగుతుంది. మంచిర్యాల వెళ్లే ఢిల్లీ లైనుకూ ఆదిలాబాద్ పట్టణానికీ మధ్య అడవే కానీ పట్టాలు లేవు. నిజాం కాలం నాటి విమానాల మైదానం ఊరి పక్కనే ఉంది, అక్కడ విమానం దిగదు. ఈ జిల్లాల మనిషి ఎడారి దేశానికి పోవాలన్నా, అడవిలో చుట్టాన్ని చూడాలన్నా ప్రయాణం ఎర్ర బస్సుతోనే మొదలవుతుంది. ఆ ఒక్క ముడి విడిపోతే మిగతాదంతా విడిపోతుంది.

తుఫాన్ జీపులో పద్నాలుగు మందిమి కూర్చున్నాం, మరో నలుగురు వెనక వేలాడారు. ఉట్నూరుకు ఆర్టీసీలో ఇచ్చేదానికి రెండింతల పైనే అడిగాడు డ్రైవరు. ఎవరూ బేరమాడలేదు. గుడిహత్నూరు దగ్గర నలభై నాలుగో నంబరు జాతీయ రహదారి వదిలి ఎడమకు తిరిగితే పత్తి చేలు మొదలవుతాయి. ఆ ఏడు వానలు ఆలస్యంగా మొదలై ఆగకుండా పడ్డాయి. పగిలిన పత్తి చెట్టు మీదే తడిసి నల్లబడుతోంది. ఏరేందుకు కూలీలు దొరకడం లేదని జీపులో ఒకాయన అంటుంటే, పక్కూరి కూలీలు వచ్చేది పొద్దుటి పల్లెవెలుగులోనే కదా అని ఇంకొకాయన గుర్తు చేశాడు. బస్సు ఆగితే చేను కూడా ఆగుతుందని పట్నంలో కూర్చున్న నాకు తట్టలేదు.

ఇంద్రవెల్లి దాటుతుండగా ఎదురుగా వచ్చిన ఆటోను మా డ్రైవరు ఆపాడు. అందులో ఒక ముసలమ్మ కూతురి ఒళ్లో తల పెట్టుకుని ఉంది. ఆదిలాబాద్ రిమ్స్ ఆసుపత్రికి పోతున్నారు. లోపలి గూడెం నుంచి రోడ్డు దాకా ఎడ్లబండిలో వచ్చారట, అక్కడ గంటసేపు నిలబడితే ఈ ఆటో దొరికిందట. గుడిహత్నూరు దాకానే పోతానంటున్నాడు ఆటోవాడు, అక్కడినుంచి ఏం దొరుకుతుందని కూతురు మా డ్రైవర్ని అడిగింది. "హైవే మీద కిరాయి బస్సులు నడుస్తున్నయ్ అక్కా, చెయ్యెత్తితే ఆపుతరు" అన్నాడు అతను.

ఆ మాట నన్ను దారంతా వెంటాడింది. తాత్కాలిక డ్రైవర్లతో, అద్దె బస్సులతో సర్వీసులు నడుపుతున్నామని రోజూ పేపర్లో వస్తోంది. నడుస్తున్న మాట నిజమే, నేనూ చూశాను. అవి హైవే మీద నడుస్తున్నాయి. హైదరాబాద్‌లో మెట్రో ఉంది. కరీంనగర్, నిర్మల్ లాంటి చోట్ల ప్రైవేటు బస్సులున్నాయి. మెయిన్ రోడ్డు నుంచి ఎంత లోపలికి పోతే బండి అంత తక్కువ, దాని ధర అంత ఎక్కువ. ఒకే సమ్మె, ఒకే తేదీన మొదలైంది. కానీ అది అందరినీ ఒకేలా ఆపలేదు.

ఉట్నూరులో దిగేసరికి పదకొండయింది. ఆదిలాబాద్ రీజియన్‌లో ఉన్న ఆరు డిపోల్లో ఇదొకటి. డిపో గేటు ఎదురుగా షామియానా, కింద జంపఖానాలు. బస్సులు లోపల వరసగా నిలబడి ఉన్నాయి. జన్నారం వైపు వాహనం మధ్యాహ్నానికి గానీ దొరకదన్నారు. టెంటులో కూర్చోమని ఖాకీ చొక్కా తొడుక్కున్న పెద్దాయన చోటిచ్చాడు. డ్యూటీ లేకపోయినా యూనిఫాం ఎందుకని అడిగితే, ఇది తొడుక్కోకపోతే నిజంగానే నౌకరి పోయినట్టనిపిస్తది అన్నాడు. ఇరవై ఏళ్లకు పైగా స్టీరింగు పట్టిన మనిషి.

ఆయన చెప్పిందంతా నైట్ హాల్ట్ గురించే. సాయంత్రం చివరి బస్సు డిపో నుంచి బయలుదేరి రోడ్డు ముగిసే ఊరికి పోతుంది. రాత్రి అక్కడే ఉంటుంది. తెల్లవారి నాలుగున్నరకో ఐదుకో అదే మొదటి బస్సుగా తిరిగి వస్తుంది. కాలేజీ పిల్లలు, దవాఖానకు పోయేవాళ్లు, కూరగాయల గంపలు, గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఆఫీసులో కాగితం పనున్నవాళ్లు అందరూ దానికే. "ఊర్ల పోలీసు లేడు, డాక్టరు లేడు, రాత్రి మా బండే ఉంటది సార్. ఎవలకన్న పానం బాగలేకుంటే మమ్ములనే లేపుతరు" అన్నాడు. పురిటి నొప్పులొచ్చిన అమ్మాయిని రెండుసార్లు అర్ధరాత్రి బస్సులో ఉట్నూరు తెచ్చాడట, రూట్ లేని వేళలో బండి తీసినందుకు డిపోలో సంజాయిషీ రాసిచ్చి మరీ.

పక్కన కూర్చున్న కండక్టరమ్మకు నలభై లోపే ఉంటాయి. సెప్టెంబరు జీతం రాలేదు. అక్టోబరు సంగతి చెప్పేవాళ్లు లేరు. బతుకమ్మ పండక్కి పిల్లలకు బట్టలు కొనలేదు. ఆమె భర్త పత్తి ఏరడానికి పోతున్నాడు. తను కూడా పోయేదే కానీ టెంటులో సంతకం పెట్టాలి. ప్రయాణికులు తిడుతున్నారా అని అడిగాను. "తిడ్తరు సార్. ఎందుకు తిట్టరు? నిన్న ఒక అవ్వ వచ్చి, బిడ్డా మీ కొట్లాట మీకుండనియ్, మా ఊరి బస్సొక్కటి పంపమన్నది. ఆ అవ్వకు నేను రోజూ టికెట్ కొట్టేదాన్ని" అంది. ఆ అవ్వ మాట న్యాయమేనని కూడా అంది. ఆ మాటతో ఆ టెంటు మీద నాకు గౌరవం పెరిగింది.

పాత సంగతులు కూడా కదిలాయి. 1932లో నిజాం రాష్ట్ర రైల్వేలో ఒక శాఖగా 27 బస్సులతో మొదలైన సంస్థ ఇది. బస్సుల నంబరు ప్లేట్ల మీద కనిపించే జడ్ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరులోదని ఇప్పటికీ చెప్పుకుంటారు. 2011 సకల జనుల సమ్మెలో తెలంగాణ కోసం ఇదే డిపో ముందు ఇలాగే కూర్చున్నామని పెద్దాయన అన్నాడు. అప్పుడు ఊళ్లన్నీ వచ్చి వండిపెట్టాయట. ఇప్పుడు కూడా ఎవరో ఒకరు బియ్యం తెస్తున్నారు. కానీ అప్పుడు బస్సు లేనందుకు ఎవరూ ఏమీ అనలేదు, ఇప్పుడు అంటున్నారు. ఆ తేడా ఆయన్ని బాధపెడుతోంది.

మధ్యాహ్నం జన్నారం వైపు టాటా మ్యాజిక్ దొరికింది. కవ్వాల్ పులుల అభయారణ్యం మధ్యలోంచి రోడ్డు. టేకు ఆకులు ఇంకా రాలలేదు. దారిలో ఒక ట్రాక్టర్ ట్రాలీ నిండా దండారి బృందం. నెమలి ఈకల టోపీలు ఒళ్లో పెట్టుకుని గుస్సాడీలు కూర్చున్నారు, ఒంటికి పూసుకున్న బూడిద చెమటకు చారలు కట్టింది. గోండు గూడేల్లో దీపావళి రోజులంటే ఒక ఊరి బృందం ఇంకో ఊరికి చుట్టరికంగా పోయి ఆడి రావడమే. దండేపల్లి మండలం గుడిరేవులో గోదావరి ఒడ్డున పద్మల్‌పురి కాకో గుడికి కూడా దూరం నుంచి వస్తారు. బస్సులున్న రోజుల్లో ఆడవాళ్లు, పిల్లలు బస్సెక్కి వెనకాల వచ్చేవాళ్లు. ఆ ఏడు ట్రాక్టర్లో ఎంతమంది పడితే అంతమందే. మా మ్యాజిక్‌లో ఉన్న ఒక గోండు తాత ట్రాలీని చూసి రామ్ రామ్ అని చెయ్యెత్తాడు. ఆయన లక్షెట్టిపేట దగ్గర చెల్లెలి ఇంటికి పోతున్నాడు, పొద్దుటినుంచి ఇది మూడో బండి. చిల్లర అయిపోయి డ్రైవరుతో మాట పడితే వెనక సీటు కుర్రాడు ఆయన కిరాయి కూడా ఇచ్చేశాడు. బండి మారిన ప్రతిచోటా ఇలాంటిది ఒకటి చూస్తూనే వచ్చాను. ముందు చేరినవాళ్లు వెనక వచ్చేవాళ్లకు ఫోన్ చేసి ఏ చౌరస్తాలో ఏ బండి ఉందో చెప్పడం, ఒంటరిగా ఉన్న ఆడపిల్లను మధ్య సీట్లో కూర్చోబెట్టడం. అధికారికంగా ఏ సమాచారమూ లేని చోట జనమే తమ విచారణ కౌంటరు తాము నడుపుకున్నారు.

లక్షెట్టిపేటలో చీకటి పడింది. స్నేహితుడి ఇంట్లో పడుకుని, పొద్దున రాయపట్నం వంతెన మీదుగా ఆటోలో గోదావరి దాటాను. ఎల్లంపల్లి ప్రాజెక్టు వెనక నీళ్లు వంతెన కింద వెడల్పుగా నిలబడి ఉన్నాయి. వెల్గటూరు, ధర్మారం, చొప్పదండి. ఒక్కో ఊరికి ఒక్కో ఆటో. ఒక మండలం ఆటో ఇంకో మండలంలోకి పోతే అక్కడి ఆటోవాళ్లు ఒప్పుకోరు. ఒక్క టికెట్‌తో కూర్చుని కునుకు తీసే దారిని అలా తునకలు తునకలుగా కొనుక్కుంటూ కరీంనగర్ చేరాను.

అక్క ఇంట్లో సూట్‌కేసు తూకం అయిపోయింది. మామిడి పచ్చడి, సకినాలు, మందులు. మేనల్లుడి టికెట్ చూపించమని అడిగాను. ఈ ముక్క గల్ఫ్‌కు పోయే ఇళ్లవాళ్లందరికీ చెప్పదలిచాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. టికెట్‌లో ఫోన్ నంబరు వాడిది కాదు, ఏజెంటుది. విమానం ఆలస్యమైనా, రద్దయినా విమాన సంస్థ కబురు పంపేది ఆ నంబరుకే. ఏజెంటు ఆఫీసు మూసుకుని ఇంటికి పోతే కబురు అక్కడే ఆగిపోతుంది. మన పౌర విమానయాన డైరెక్టరేట్ నిబంధనల ప్రకారం విమానం రద్దయితే ప్రయాణికుడు డబ్బు వాపసు అడగవచ్చు, లేదా ఇంకో విమానంలో చోటు అడగవచ్చు. చెక్ ఇన్ వేళకు చేరాక గంటల కొద్దీ ఆలస్యమైతే తిండి, నీళ్లు ఇవ్వాలి. ఒక రోజు దాటే ఆలస్యానికి హోటల్ గది ఇవ్వాలి. సమ్మెలాంటి, సంస్థ చేతిలో లేని కారణాలకు అదనపు పరిహారం మాత్రం రాదు. మన ఫోన్ నంబరు ఇవ్వకపోయినా ఆ పరిహారం అడిగే హక్కు పోతుంది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి నంబరు మార్పించాం. వెబ్ చెక్ ఇన్ కాగితం ప్రింటు తీయించాం. గల్ఫ్ టికెట్ కొనేటప్పుడే ఈ పని చేయాలని కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ జిల్లాల ప్రతి ఊళ్లో ఎవరో ఒకరు చెప్పాలి.

ఇంత చేసినా అసలు చిక్కు విమానంతో కాదు. నూట అరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న హైదరాబాద్ చేరడం ఎలా అన్నది. 30వ తేదీ సాయంత్రం సరూర్‌నగర్ ఇండోర్ స్టేడియంలో ఆర్టీసీ కార్మికుల సకల జనుల సమరభేరి జరుగుతోంది. టీవీ చూస్తుండగానే కింద అక్షరాలు పరుగెత్తాయి: సభకు వెళ్లిన కరీంనగర్ డ్రైవరు ఒకరు గుండెపోటుతో కుప్పకూలి చనిపోయారు. అక్క గబుక్కున లేచి నిలబడింది. ఆయనెవరో మాకు తెలియదు. కానీ ఈ ఊళ్లో ఆర్టీసీ ఇల్లు లేని గల్లీ ఉండదు. బావ ఏమీ అనకుండా చెప్పులేసుకుని బయటకు పోయాడు. తిరిగొచ్చి, రేపు బంద్ అన్నాడు.

ఆ నెలలోనే అంతకుముందు ఖమ్మంలో ఒక డ్రైవరు ఒంటికి నిప్పంటించుకుని చనిపోయారు. ఇలాంటి మరణాల గురించి రాసేటప్పుడు మాట జారకుండా ఉండాలి. నాకు తోచిందిదే: జీతాలు ఆగి, ఉద్యోగాలు పోయాయన్న మాట పైనుంచి వినబడ్డాక ఇంట్లో అన్నం ముద్ద మింగడం కూడా కష్టమైన మనుషులు వాళ్లు. హైకోర్టు మళ్లీ మళ్లీ మాట్లాడుకోండి అని చెప్తూనే ఉంది. మాట్లాడటమన్నది అంత కష్టం కాకూడదు.

బంద్ రోజు కరీంనగర్ బస్టాండు దగ్గర పోలీసులు, పార్టీల జెండాలు, మూసిన షట్టర్లు. కారు మాట్లాడుకుంటే అద్దాలు పగులుతాయని డ్రైవరు ఒప్పుకోలేదు. పక్క వీధిలో అదే రాత్రి షార్జా పోయే ఇద్దరున్నారని తెలిసి, ముగ్గురి ఇళ్లవాళ్లం కలిసి ఒకే బండి మాట్లాడాం. విమానం తెల్లవారుజామున. మామూలుగా రాత్రి తొమ్మిదింటికి కదిలితే సరిపోతుంది. మేము సాయంత్రం చీకటి పడగానే కదిలాం. చౌరస్తాలో కార్మికులు ఆపారు. లోపలికి తొంగి చూసి, పైన కట్టిన అట్టపెట్టెలు చూసి, "దుబాయా?" అని అడిగారు. ఔనన్నాం. "పోనియ్‌రా, పిలగాండ్లు పొట్ట చేత పట్టుకుని పోతున్నరు" అని ఒకాయన బారికేడు పక్కకు జరిపాడు. వాళ్ల తోటి మనిషి శవం ఊళ్లోకి వచ్చిన రోజది.

రాజీవ్ రహదారి ఖాళీగా ఉంది. సిద్దిపేట, గజ్వేల్ దాటి శామీర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డెక్కి అర్ధరాత్రికి ముందే శంషాబాద్ చేరాం. డిపార్చర్ తెర మీద విమానాలన్నీ వేళకే ఉన్నాయి. లోపల సమ్మె జాడ లేదు. బయట మాత్రం మా బండిలాగే తొందరగా బయలుదేరి వచ్చిన నిజామాబాద్, జగిత్యాల, ఆదిలాబాద్ వాళ్లు నేల మీద దుప్పట్లు పరుచుకుని ఉన్నారు. కొందరు మర్నాటి విమానానికి ఆ రోజే వచ్చేశారు. సమయానికి చేరుకోలేమన్న భయానికి ఒక రాత్రి అక్కడ పడుకోవడమే వాళ్లు కట్టిన రుసుము.

ఆ తర్వాత జరిగింది అందరికీ తెలుసు. నవంబరు 25న, 52వ రోజు, యూనియన్ల జేఏసీ సమ్మె విరమించింది. వెంటనే చేర్చుకోలేదు, డిపోల గేట్ల దగ్గర మళ్లీ పోలీసులే. 28న మంత్రివర్గ సమావేశం తర్వాత చేరమని ముఖ్యమంత్రి చెప్పారు. 29న పొద్దున డ్యూటీలు మొదలయ్యాయి. డిసెంబరులో చార్జీ కిలోమీటరుకు 20 పైసలు పెరిగింది. వాళ్లు అడిగిన విలీనానికి శాసనసభ 2023 ఆగస్టులో బిల్లు ఆమోదించింది.

ఇలాంటి తగవు తర్వాత విమానాల్లోనూ వచ్చింది. 2024 మేలో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ క్యాబిన్ సిబ్బంది ఒక్కసారిగా అనారోగ్య సెలవు పెట్టారు. విమానాలు పదుల సంఖ్యలో రద్దయ్యాయి, ఎక్కువగా గల్ఫ్ దారిలోవే. మస్కట్‌లో ఆసుపత్రిలో ఉన్న భర్తను చూడటానికి బయలుదేరిన తిరువనంతపురం ఇల్లాలి విమానం ఆగిపోయింది. ఆమె చేరకముందే ఆయన చనిపోయారు. ఆ వార్త చదివి అక్క నాకు ఫోన్ చేసి చాలాసేపు ఏడ్చింది. ఇంద్రవెల్లి దగ్గర ఆటోలో చూసిన తల్లీకూతుళ్లు నాకు ఆ రోజు గుర్తొచ్చారు. వాళ్లు రిమ్స్ చేరారో లేదో నాకు తెలిసే దారి లేదు.

ఆ విమానాల తగవులో ఉద్యోగం తీసేసిన పాతిక మందిని తిరిగి తీసుకుంటామని మే 9న ఢిల్లీలో కార్మిక శాఖ అధికారి ముందు కంపెనీ ఒప్పుకుంది. మొదలైన రెండు రోజులకే ఇరుపక్షాలూ ఒక బల్ల దగ్గర కూర్చున్నాయి. దేశమంతా చూస్తోంది, రద్దయిన ప్రతి టికెట్‌కూ ఒక లెక్క ఉంది, వాపసు ఇవ్వాల్సిన డబ్బుంది. ఉట్నూరు నైట్ హాల్ట్ బస్సు రద్దయితే ఎక్కడా లెక్క రాయరు. కబురు పంపడానికి నంబరు లేదు, వాపసు ఇవ్వడానికి ముందుగా కొన్న టికెట్ లేదు. రాని బస్సు కోసం తెల్లవారుజామున చలిలో నిలబడ్డ మనిషికి ఏ నిబంధనా వర్తించదు.

సమ్మె చేసే హక్కు కార్మికుడికి ఉండాలి. అందులో నాకు సందేహం లేదు, ఉట్నూరు టెంటులో కూర్చున్నాక అసలే లేదు. నేను అడిగేది వేరు. సమ్మె నోటీసు ఇచ్చిన రోజే డిపో మేనేజరూ యూనియనూ కూర్చుని, వేరే బండి దొరకని ఊళ్ల జాబితా ఒకటి రాయాలి. ఆ ఊళ్లకు పొద్దున ఒక ట్రిప్పు, రాత్రి ఒక ట్రిప్పు ఆగకూడదని ఇద్దరూ ఒప్పుకోవాలి. ఏ ఊళ్లో దవాఖానకు పోయే ముసలివాళ్లున్నారో, ఏ గూడెం పిల్లలు కాలేజీకి వస్తారో డిపోలో డ్రైవర్లకు తెలిసినంతగా కలెక్టరాఫీసులో ఎవరికీ తెలియదు. ఖాకీ చొక్కా తొడుక్కున్న ఆ పెద్దాయనకు కాగితం ఇస్తే అరగంటలో రాసిస్తాడు.

2019 నవంబరు 29 సాయంత్రం ఉట్నూరు కండక్టరమ్మ ఫోన్ చేసింది. డ్యూటీ ఎక్కానని చెప్పింది. మొదటి ట్రిప్పుకు జనం ఎలా ఉన్నారని అడిగాను. నిలబడే చోటు లేదంది. పెద్దాయనకు ఏం పడిందని అడిగితే, నైట్ హాల్ట్ అడిగి మరీ వేయించుకున్నాడు సార్, ఇప్పుడే బండి తీసిండు అంది.